పదకొండు తప్పులు

ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన రభసంతా మా ఆయన పన్ను దగ్గర మొదలైంది. పైవరసలో ముందు పన్ను, సగానికి విరిగింది. విరగ్గొట్టింది నేనే. పన్ను విరగాలని కొట్టలేదు గానీ, మనిషిని మాత్రం గురిచూసే కొట్టాను.

మేము ఎయిర్‌సాఫ్ట్ ఆడిస్తాం. తుపాకుల ఆట అంటే తొందరగా అర్థమవుతుంది కాబట్టి అలాగే అనుకోండి. ఊరి చివర మూతపడిన బిస్కెట్ ఫ్యాక్టరీ షెడ్డు అద్దెకు తీసుకున్నాం. వానొస్తే ఇప్పటికీ ఆ గోడలు వెనిలా వాసన వేస్తాయి. మా తుపాకులు చూడటానికి అచ్చం అసలువాటిలాగే ఉంటాయి, అందులో దాచేదేం లేదు. లోపల చూస్తే ఒక బుల్లి మోటారు, మూడు పళ్లచక్రాలు, ఒక స్ప్రింగు, దాని ముందు పిస్టను. మీట నొక్కితే పావు గ్రాము బరువున్న ప్లాస్టిక్ పూసను గాలి బయటికి తోస్తుంది. దూరం నుంచి తగిలితే చీమ కుట్టినట్టు, దగ్గర్నుంచి తగిలితే కందిరీగ కుట్టినట్టు ఉంటుంది. మా నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, ఆ పని నాకూ అబ్బింది, కాబట్టి రిపేర్లన్నీ నావి. రోజూ పొద్దున్నే ప్రతి తుపాకీనీ వేగం కొలిచే డబ్బా ముందు పెట్టి పేల్చి చూస్తాను. అంకె ఎక్కువొస్తే విప్పి స్ప్రింగు మారుస్తాను. ఆట నడపడం మా ఆయన పని.

ఈ ఆటలో అంపైరు ఉండడు. అంత దుమ్ములో, అంత పరుగులో, చొక్కా మీద పూస తగిలిందీ లేనిదీ తగిలినవాడికే తెలుస్తుంది. కాబట్టి తగిలినవాడే చెయ్యి పైకెత్తి "తగిలింది" అని అరిచి తనంతట తానే బయటికి నడవాలి. పక్కవాడు చెప్పకూడదు, కొట్టినవాడు అసలే చెప్పకూడదు. ఆరేళ్లు ఆడించి ఆడించి మా ఆయనకు అది ఒంటికి పట్టేసింది. ఇంట్లో పాలు పొంగించినా, గ్లాసు పగలగొట్టినా, వంటింటి గుమ్మంలో నిలబడి చెయ్యెత్తేస్తాడు. నేను సగం తిట్లు అక్కడే మింగేయాల్సి వస్తుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఊరవతల ఒక మందుల షాపులోకి ఎవడో బొమ్మ తుపాకీ పట్టుకుని దూరి, అందర్నీ హడలగొట్టి దోచుకుపోయాడు. వాడు ఎప్పుడూ మా గడప తొక్కిన మనిషి కాదు. ఆ తుపాకీ ఎక్కడో సంతలో కొన్నాడని వారం తర్వాత పోలీసులే చెప్పారు. కానీ ఆ వారంలో జరగాల్సిందంతా జరిగిపోయింది.

దోపిడీ జరిగిన మూడో రోజున ఒక విలేఖరి అమ్మాయి కెమెరా ఆయన్ని వెంటబెట్టుకుని మా షెడ్డుకు వచ్చింది. ఊళ్లో పెద్ద పేపరు వాళ్లది, దానికో టీవీ ఛానెల్ కూడా ఉంది. పిల్ల నెమ్మదస్తురాలు. చెప్పిందంతా శ్రద్ధగా రాసుకుంది. మా ఆయన మురిసిపోయి ఓవెన్ గది నుంచి లారీలు ఆగే చోటు దాకా మొత్తం తిప్పి చూపించాడు. నేను బల్ల దగ్గర ఒక తుపాకీ పొట్ట విప్పి స్ప్రింగు మారుస్తుంటే కెమెరా ఆయన నా ఫొటో తీశాడు. తల దువ్వుకోలేదే అనుకున్నాను, అప్పటికి నాకు ఉన్న దిగులు అదొక్కటే.

చివర్లో ఆ అమ్మాయి అడిగింది. "మరి ఇక్కడ ఎవరికైనా దెబ్బలు తగిలాయా అండీ?"

లోకం తెలిసినవాడైతే, అబ్బే, ఎంతో జాగ్రత్తగా ఉంటామండీ అని ఊరుకుంటాడు. మా ఆయన ఠక్కున చెయ్యెత్తాడు.

"తగిలింది. నాకే." పెదవి పైకి లాగి కెమెరాకు పన్ను చూపించాడు. "మా ఆవిడే కొట్టింది. ఆటలో ఉండగా చెమట తుడుచుకుందామని మాస్కు ఎత్తాను. ఎత్తకూడదు. ఆ రూలు పెట్టిందీ నేనే. తప్పు నాదేనండీ."

ఆ సాయంత్రం ఛానెల్లో "తగిలింది, నాకే, మా ఆవిడే కొట్టింది" అన్నంతవరకే వచ్చింది. మాస్కు ముక్క ఎగిరిపోయింది. మా ఆయన నోరు తెరిచిన చోట బొమ్మ ఆపేసి, సగం పన్ను చుట్టూ ఎర్ర గుండ్రం గీసి, దాన్నే నాలుగుసార్లు తిప్పి తిప్పి చూపించారు. వెనకాల పిడుగులు పడ్డట్టు సంగీతం ఒకటి.

మర్నాడు పేపర్లో సగం పేజీ. "బిస్కెట్ ఫ్యాక్టరీలో తుపాకుల కార్ఖానా!" దాని కింద నా ఫొటో, నా ఫొటో కింద ఒక వాక్యం: "ఆయుధాలు తయారు చేస్తున్న మహిళ." తల దువ్వుకోనందుకు నేను సరిగ్గా అలాంటి మనిషిలాగే ఉన్నాను కూడా.

ఇక్కడ మా మామయ్యగారి సంగతి చెప్పాలి. ఆయన ముప్పై నాలుగేళ్లు ఆ పేపర్లోనే ప్రూఫ్ రీడరుగా చేశారు. అచ్చుకు వెళ్లేముందు ప్రతి పేజీ చదివి, తప్పులు ఏరి, కింద సంతకం పెడితే తప్ప మిషను తిరిగేది కాదట. రిటైరయ్యాక కూడా పొద్దున్నే పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివితే గానీ ఆయనకు స్నానం మీదికి బుద్ధి పోదు. మా ఆట అంటే ఆయనకు మొదట్నుంచీ చిరాకే. పెళ్లయినవాళ్లు ఆడే ఆటేనా ఇది అని గొణుక్కుంటారు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా షెడ్డు వైపు కాలు పెట్టలేదు.

ఆ పొద్దున పేపరు మడత పెట్టి పక్కన పెట్టారు. నేను టీ ఇవ్వబోతే గ్లాసు అందుకోలేదు.

"అమ్మాయ్, ఒకటి అడుగుతాను, దాపరికం లేకుండా చెప్పు. అక్కడ తుపాకులు తయారు చేస్తున్నారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. వీధిలో ఎవరేమన్నా నవ్వి ఊరుకునేదాన్ని. పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటున్న మనిషి అడిగేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవడం ఇష్టం లేక కోపం తెచ్చుకున్నాను.

"నా మాట కన్నా పేపరు మాట ఎక్కువైపోయిందా మామయ్యగారూ మీకు?"

"ఎక్కువ తక్కువలు కాదమ్మా. అచ్చులో పడింది."

"పడితే?"

"పడిందంటే ఎవరో ఒకరు సరిచూసే ఉంటారు కదా."

"అయితే మీరే వచ్చి సరిచూడండి. ఇప్పుడే రండి. నేను చీర మార్చుకునేలోపు తయారవండి," అన్నాను. ఆయన నిజంగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, పేపరు చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర నాకంటే ముందు నిలబడ్డారు.

షెడ్డులో ఆయన్ని నా స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టాం. ఎర్ర పెన్సిలు చెవి మీంచి తీశారు. వాక్యం వాక్యం చదవడం, లేచి వెళ్లి చూడటం, వచ్చి గుర్తు పెట్టడం. రెండు వందల తుపాకులు అని రాశారు, ఆయన గోడకున్నవి లెక్కపెడితే ముప్పై ఎనిమిది. రహస్య ద్వారం అని రాసింది ఒకప్పుడు బిస్కెట్ డబ్బాలు లారీలకు ఎక్కించిన తలుపు. ఏనుగు పట్టేంత ఉంటుంది, రోడ్డు మీది కుక్కలకు కూడా అది తెలుసు. రాత్రిళ్లు కాల్పుల మోతలు అని రాశారు, మా షెడ్డుకు లైట్లే లేవు, పొద్దు గూకితే తాళం వేస్తాం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు భయం గుప్పిట్లో బతుకుతున్నారట. ఒకవైపు టైర్ల గోదాం, ఇంకోవైపు ముళ్లకంప. యువకులకు సైనిక శిక్షణ అన్న చోట ఆయన పెన్సిలు ఆగిపోయింది. ఆ రోజు ఆడటానికి వచ్చినవాళ్లు ఒక ఆస్పత్రి నర్సు, ఒక బస్సు డ్రైవరు, మోకాళ్ల నొప్పితో కుంటుకుంటూ పరిగెత్తే లిఫ్టు మెకానిక్కు.

ఇనుప తూటాలు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఒక పూస అడిగి తీసుకున్నారు. వేళ్ల మధ్య నలిపి చూశారు. పంటితో కొరికి చూశారు. నా బల్ల మీద ఉన్న అయస్కాంతానికి పెట్టి చూశారు, అంటుకోలేదు. పేపర్లో ఆ మాట చుట్టూ పెద్ద సున్నా చుట్టారు.

సాయంత్రానికి పదకొండు తప్పులు తేల్చారు. రెండు మాత్రం ఒప్పు అని టిక్కు పెట్టారు. మా ఆయన పన్ను ఒకటి. రెండోది, ఇవి చూడటానికి అసలు తుపాకుల్లాగే ఉంటాయన్నది.

"ఇది నిజమే అమ్మాయ్. లోపలికి రాగానే నాకే గుండె గుభేలుమంది."

"అందుకే మామయ్యగారూ, గేటు దాటి ఏ తుపాకీ కూడా సంచీ లేకుండా వెళ్లదు."

"ఆ ముక్క రాయలేదు వీళ్లు," అన్నారు చిరాగ్గా. తప్పుగా రాసిన దానికన్నా, తెలిసీ వదిలేసిన దానికే ఆయనకు ఎక్కువ మంట. ఇంటి గుమ్మం ఎక్కేముందు, "పొద్దున అడగాల్సింది కాదు," అన్నారు. నేను వినబడనట్టు లోపలికి వెళ్లిపోయాను. కోపం ఇంకా పూర్తిగా పోలేదు మరి.

మర్నాడు లైసెన్సు ఆఫీసరు వచ్చి షెడ్డుకు సీలు వేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఫ్యాను లేని షెడ్డులో చెమటలు కక్కుతూ అంతా తిరిగి చూశాడు, అనుమతి కాగితాలు చదివాడు, అన్నీ సక్రమంగానే ఉన్నాయన్నాడు. అని, లక్క కరిగించమని మనిషికి చెప్పాడు.

"అన్నీ సక్రమంగా ఉంటే సీలెందుకండీ?" అన్నాడు మా ఆయన.

"పేపర్లో పడిందండీ. పైవాళ్లు ఫోను మీద ఫోను. నేనేం చెయ్యను?" అని నీళ్లు నమిలాడు. "పేపర్లో పడ్డది పేపర్లోనే పోవాలి. తప్పుపడిందని వాళ్లే రెండు లైన్లు వెయ్యమనండి, ఆ కటింగు ఫైల్లో పెట్టుకుని నేనే వచ్చి సీలు తీస్తాను. నెల రోజులు చూస్తాను. దాటితే అనుమతి రద్దు చేసి పంపమన్నారు."

నెల రోజులు. ఆరేళ్లుగా ఒక్కో గోడకు సున్నం వేసి, ఒక్కో కిటికీకి జాలీ బిగించి, పాత ఓవెన్ల మీద తుప్పు గీకి నిలబెట్టుకున్న చోటు. నా చేతికి తెలిసిన పని నేను చేసుకునే చోటు నాకు ఇంకెక్కడా లేదు. దాన్ని రెండు లైన్ల మీద వేలాడదీసి వెళ్లిపోయాడు ఆయన.

ఆ మాట చెవిన పడగానే మామయ్యగారు పేపరు ఆఫీసుకు బయల్దేరారు. రెండు లైన్లే కదా, నేను చెప్తే వేస్తారు, నా పేపరు అన్న ధీమా. మధ్యాహ్నం తిరిగొచ్చినప్పుడు ఆయన మొహం చూసి నేను కుర్చీ ముందుకు జరిపాను.

"టీ ఇచ్చారు," అన్నారు.

"సవరణ?"

"చూస్తామన్నారు." చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నారు. "మా ప్రూఫ్ సెక్షను ఎత్తేసి ఏడేళ్లయిందట అమ్మాయ్. నాకెవరూ చెప్పలేదు. మా గదిలో విరిగిన కుర్చీలు పడేశారు. ఇప్పుడు ఎవరూ సరిచూడరట. డెస్కులో వార్తలు దిద్దేవాళ్లు పంపింది పంపినట్టు నేరుగా అచ్చుకే వెళ్తుందట."

ఏడేళ్లుగా, ఎవరో సరిచూశారని నమ్మి ఆయన ఆ పేపరు చదువుతున్నారు. నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆ పూట ఆయనకు నేనే వడ్డించి, తినేదాకా ఎదురుగా కూర్చున్నాను.

మర్నాడు పదింటికల్లా ఆయన ఆ ఆఫీసు రిసెప్షన్లో కూర్చున్నారు. చేతిలో ఎర్ర గుర్తులు పెట్టిన పేపరు. సెక్యూరిటీ మనిషి వచ్చి, "తాతగారూ, ఇక్కడ ఊరికే కూర్చోకూడదండీ," అంటే, "ఊరికే కాదు బాబూ. సవరణ పడగానే లేచిపోతాను," అన్నారట. అయిదింటికి లేచి ఇంటికొచ్చారు. మళ్లీ మర్నాడు పదింటికి. ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు పెట్టని మనిషి, ఇప్పుడూ పెట్టలేదు.

నాకది పిచ్చిపనిలా అనిపించింది. నేను నా దారిన లైసెన్సు ఆఫీసు చుట్టూ తిరిగాను, తెలిసినవాళ్లందరి చెవినా వేశాను. మధ్యాహ్నం పూట మాత్రం ఆయనకు క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని. రిసెప్షన్లో ఉన్నది ఒకటే కుర్చీ, ఆయన తింటున్నంతసేపూ నేను పక్కన నిలబడేదాన్ని. లోపలికీ బయటికీ తిరిగే ఉద్యోగులు మా వైపు చూడకుండా నడవడం నేర్చుకున్నారు.

మా ఆయన్ని పన్ను కట్టించుకోమని కూడా పోరాను. "నోరు తెరిస్తే అదే కనబడుతోంది, జనం నవ్వుతున్నారు," అన్నాను.

"ఇప్పుడు కట్టించుకుంటే ఏదో దాచుకున్నట్టుంటుంది. నేను దాచుకోవాల్సిందేముంది? నువ్వు బాగా గురిపెట్టావు, అంతేగా," అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

సీలు పడిన పదో రోజున ఇంకొకటి తగులుకుంది. మా తుపాకుల బ్యాటరీలు షెడ్డులోనే ఉండిపోయాయి. రేకుల కింద ఆ వేడికి అవి ఉబ్బుతాయి, ఉబ్బితే అంటుకుంటాయి కూడా. ఆఫీసరు కాళ్లావేళ్లా పడితే గంటసేపు తలుపు తీయించాడు. నేను వాటిని ఇసుక పోసిన బకెట్లలో పెట్టి ఒక్కొక్కటే బయటికి మోశాను. టైర్ల గోదాం దగ్గర ఎవరో ఫోనులో వీడియో తీశారు. మర్నాడు పేపర్లో: "సీలు వేసిన ఫ్యాక్టరీ నుంచి పేలుడు పదార్థాల తరలింపు?" ప్రశ్నార్థకం ఒకటి పెట్టి చేతులు దులుపుకున్నారు. ఈసారి నేను తల దువ్వుకునే ఉన్నాను. మామయ్యగారు దాన్ని కూడా కత్తిరించి, "ఇది వేరే ఫైలు. ముందు మొదటిది తేలనీ," అని అరలో పెట్టారు.

పంతొమ్మిదో రోజున నేను క్యారేజీ తీసుకెళ్లేసరికి, ఎడిటరుగారు ఇద్దర్నీ లోపలికి రమ్మన్నారు అని కబురు. చల్లటి గది. గోడవారగా ఆ విలేఖరి అమ్మాయి నిలబడి ఉంది, నన్ను చూసి తల దించుకుంది. ఎడిటరు లేచి మామయ్యగారికి నమస్కారం పెట్టాడు.

"మీలాంటి పెద్దవాళ్లు అలా గుమ్మంలో కూర్చుంటే మాకే బాగోదండీ. చూడండి, మీకోసం మంచి కథనం తయారు చేయించాను. సగం పేజీ. రంగుల ఫొటోతో."

కాగితం నా చేతికిచ్చాడు. "మా కథనంతో మారిన దంపతులు." మా పేపరు రాసింది చూసి కళ్లు తెరిచిన యజమానులు ఇనుప తూటాలు మానేసి ప్లాస్టిక్ పూసలకు మారారట. తుపాకుల తయారీ ఆపేసి ఆరోగ్యకరమైన ఆట నేర్పిస్తున్నారట. కోడలి మార్పు చూసి మా పూర్వ ఉద్యోగి అయిన మామగారు ఆనందబాష్పాలు రాల్చారట. ఆయన ఫొటోకి కూడా చోటు వదిలిపెట్టారు.

"మీరు చెప్పాల్సిందల్లా ఒక్కటే అమ్మా, మారాం అని. కెమెరా ముందు ఒక్క మాట. మీ ఆఫీసరుతో నేనే మాట్లాడతాను. ఎల్లుండికి మీ తాళం మీ చేతిలో ఉంటుంది."

నాకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. ఎల్లుండి. తలుపు తీస్తే వచ్చే వెనిలా వాసన, బల్ల మీద వరసగా నా స్క్రూడ్రైవర్లు, అన్నీ ఒక్కసారి కళ్లముందు ఆడాయి. ఒక్క మాటే కదా. ఊళ్లో ఎవడు దేన్ని గుర్తుపెట్టుకుంటాడు గనక?

మామయ్యగారు నా చేతిలోంచి కాగితం తీసుకుని, వేలు పెట్టి చివరిదాకా చదివారు. మళ్లీ నాకే ఇచ్చారు.

"నేను చెప్పేదేం లేదు అమ్మాయ్. తాళం నీది. నువ్వే చెప్పు."

నేను కాగితం బల్ల మీద పెట్టాను.

"ఇనుప తూటాలు మానేశామని ఉందండీ ఇందులో. ఎప్పుడు వాడామని మానేయడానికి?"

"మాటవరసకమ్మా అది."

"మాటవరసకి ఊరందరి ముందూ నన్ను ఆయుధాలు చేసేదాన్ని చేశారు. ఇప్పుడు మాటవరసకే మంచిదాన్ని చేస్తామంటున్నారు. నేనేం మారలేదండీ. ఆరేళ్ల క్రితం ఏ స్ప్రింగు వేశానో ఇవాళా అదే వేస్తున్నాను. రేపు తలుపు తీసినా అదే వేస్తాను. మారాల్సిందేమైనా ఉంటే మీ పేజీలో ఉంది."

ఆ కాగితాన్ని ఆయన వైపు తోశాను. ఎడిటరు నవ్వు అలాగే మొహం మీద ఉంచుకుని మామయ్యగారి వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి సార్, ఇనుమో ప్లాస్టిక్కో, అంత చిన్న విషయానికి..."

"నేను ప్లాస్టిక్ అనే రాశాను సార్."

గోడవార నుంచి వచ్చింది ఆ మాట. అందరం అటు చూశాం. ఆ అమ్మాయి ఇంకా నేలకేసే చూస్తోంది.

"ఇనుప తూటాలు అన్నది డెస్కులో మార్చారు. తయారీ అని కూడా నేను రాయలేదు. నేను పంపిన కాపీ నా దగ్గరుంది."

"నువ్వు బయటికెళ్లమ్మా," అన్నాడు ఎడిటరు. ఆమె వెళ్లింది. ఆ వెనకే మేమూ లేచాం. మామయ్యగారు వెళ్లి మళ్లీ తన కుర్చీలో కూర్చుని క్యారేజీ విప్పారు. ఎప్పటికన్నా నెమ్మదిగా, మెతుకు మిగల్చకుండా తిన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనకు జరిగింది చెప్పాను. చేతికొచ్చింది చేజార్చుకొచ్చానని నాకు లోపల పీకుతూనే ఉంది.

"అయితే షెడ్డు పోయినట్టేనా?" అన్నాడు.

"పోయినట్టే."

"పోతే పోనీ. వాడి ముందు మారామని చెప్పి తెచ్చుకుంటే, రేపు అందులో నిలబడి ఎవడికి రూలు చెప్పను?" అని వెళ్లి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఇరవై నాలుగో రోజు పొద్దున మామయ్యగారు పేపరు చదువుతూ, "అమ్మాయ్," అని పిలిచారు. ఏడో పేజీలో, నీళ్ల సరఫరా బంద్ అన్న ప్రకటన కింద, అగ్గిపెట్టెంత జాగాలో ఉంది. "సవరణ: గత నెల ప్రచురితమైన బిస్కెట్ ఫ్యాక్టరీ కథనంలో ఇనుప తూటాలు అని పొరపాటున పడింది. ప్లాస్టిక్ పూసలు అని చదువుకోగలరు." ఆ అమ్మాయి దాచుకున్న కాపీకి భయపడ్డారో, గుమ్మంలో ముసలాయనకు విసిగిపోయారో నాకు తెలియదు. ఆమెను వాతావరణం పేజీకి మార్చేశారని తర్వాత విన్నాం. ఆ పేపర్లో ఇప్పుడు నమ్మదగ్గ పేజీ అదొక్కటే అంటారు మామయ్యగారు.

ఆఫీసరుకు కటింగు చూపిస్తే మాకన్నా ఎక్కువ సంతోషించాడు. ఫైల్లో అంటించుకుని, మర్నాడు తొమ్మిదింటికే వచ్చి తన చేత్తోనే లక్క పగలగొట్టాడు. అప్పటికే గేటు దగ్గర నర్సు, బస్సు డ్రైవరు, లిఫ్టు మెకానిక్కు, ఇంకో పదిమంది సంచులు భుజాన వేసుకుని నిలబడ్డారు. తలుపులు బార్లా తీశాం. దుమ్ము, బల్లిగుడ్లు, గబ్బిలం ఒకటి. నేను బల్ల మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడిపోయాను. గెలిచాం అనుకున్నాను.

అప్పుడు చూశాను, మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దాటి వెళ్తున్నారు. పరిగెత్తుకుంటూ వెళ్లాను.

"ఎక్కడికి మామయ్యగారూ? ఇవాళ ఇక్కడే ఉండండి."

"పదవుతోంది. ఆఫీసుకు."

"సవరణ పడిందిగా!"

"ఒకటి పడింది. పది ఉన్నాయి."

"తలుపు తీశారు కదండీ, ఇంక మిగతావి పడితే ఎంత, పడకపోతే ఎంత?"

ఆయన ఆగారు. చంకలోని పేపరు తీసి విప్పారు. మడతల దగ్గర చిరుగులు పడ్డాయి. సగం పేజీ మధ్యలో నా ఫొటో, దాని కింద ఆ వాక్యం, దాని చుట్టూ మొదటి రోజు ఆయన చుట్టిన ఎర్ర గీత.

"నీ బొమ్మ కింద ఇది అలాగే ఉంది అమ్మాయ్," అన్నారు. "తలుపు కోసం కాదు నేను కూర్చున్నది."

ఎండ నెత్తి మీదికి వస్తోంది. లోపల మా ఆయన జట్లు విడదీస్తూ పేర్లు పిలుస్తున్నాడు. వెనక్కి వెళ్లి, తాళంచెవుల గుత్తి ఆయన చేతిలో పెట్టి, "ఇవాళ వేగాలు నువ్వే కొలుచుకో, నాకు పనుంది," అన్నాను. మధ్యాహ్నానికని ముగ్గురికీ తెచ్చిన క్యారేజీలో రెండు గిన్నెలు విడదీసి పట్టుకున్నాను.

మేం వెళ్లేసరికి రిసెప్షన్లో అమ్మాయి ఫోను మాట్లాడుతోంది. మామయ్యగారు తన కుర్చీలో కూర్చుని పేపరు ఒళ్లో పరుచుకున్నారు. నేను పక్కన నిలబడ్డాను. ఎడిటరు మెట్లు దిగి వస్తూ మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

"సవరణ వేశాం కదండీ!"

"ఇంకా పది ఉన్నాయండీ," అన్నాను నేను. "వరసగా వద్దు. నా ఫొటో కింద ఉన్నదాంతో మొదలుపెట్టండి."

ఆయన వచ్చిన మెట్లే మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. రిసెప్షన్ అమ్మాయి ఫోను పెట్టేసి నన్ను కిందికీ పైకీ చూసింది. తర్వాత లేచి లోపలికి వెళ్లి, ఎవరినీ అడక్కుండా, ఇంకో కుర్చీ తెచ్చి వేసింది.